ఒంటి కుర్చీ బల్ల

"భోజనాల వేళయింది, నీ బొమ్మలు తియ్యమ్మా" అంటుంది అత్తయ్య, రోజూ రెండుపూటలా. అవి బొమ్మలు కావు, మా ఇంటీరియర్ ఆఫీసు కోసం గీసే డ్రాయింగులు. నేను పనిచేసుకునేది భోజనాల బల్ల మీదే కాబట్టి, గిన్నెలు రాగానే వాటిని చుట్టేసి మంచం మీద పడేస్తాను. అందరూ తిని లేచాక మరకలు తుడిచి మళ్ళీ పరుస్తాను. ఆఫీసులో నాకో బల్ల వేయించకూడదా అని మావారిని ఒకసారి అడిగితే, "ఇంట్లోనే హాయి కదా నీకు" అన్నారు. నా హాయి ఏమిటో నాకంటే ఆయనకే బాగా తెలుసు మరి.

ఈసారి పని ఒక పాతకాలపు భవనంలో రెస్టారెంటు. మా అమ్మమ్మ పడుచుదనం నాటి ఇళ్ళలోలాగా వాలుకాళ్ళ కుర్చీలు, గుండ్రటి దీపాలు, తేనెరంగు చెక్క పలకలు కావాలన్నాడు ఓనరు. గోడకు ఒక్క మేకు కూడా కొట్టకూడదని షరతు. అందుకని దీపాలతో సహా అన్నీ నేలమీదే నిలబడేలా గీశాను. చెక్క పలకల్ని గోడకు నాలుగు వేళ్ళ ఎడంగా పెట్టాను. పాత సున్నపు గోడకు గాలి ఆడకపోతే చెమ్మ పట్టి పెచ్చులూడుతుంది. వీధి కిటికీ దగ్గర మాత్రం ఒక చిన్న బల్ల, ఒకే కుర్చీ. ఒంటరిగా వచ్చిన మనిషి, లేవమనేవాళ్ళు లేకుండా కూర్చోవడానికి. నిజం చెప్పొద్దూ, అది గీస్తున్నంతసేపూ అక్కడ కూర్చున్నది నేనే.

సామానంతా తయారై హాల్లో అమర్చాక, ఇవాళ ఓనరు చూడటానికి వచ్చాడు. మావారూ నేనూ అక్కడే ఉన్నాం. "ఈ సందెందుకండీ?" అన్నాడు పలకల వెనక్కి తొంగిచూస్తూ.

"వైర్ల కోసం" అనేశారు మావారు. డ్రాయింగుల మీద సంతకం ఆయనదే. ఉండబట్టలేక గోడ సంగతి నేను చెప్పాను.

"చూశారా, ఇంట్లోనూ ఇంతే, నన్ను నోరెత్తనివ్వదు" అని ఆయన నవ్వారు. ఓనరూ నవ్వాడు. వాళ్ళతోపాటు నేనూ నవ్వాను, అందుకే నామీద నాకే ఒళ్ళు మండింది.

"మరి ఈ ఒంటి బల్లేమిటి?"

"అది మా ఆవిడ సరదా లెండి. తీయించేసి నలుగురు కూర్చునేది వేయిద్దాం."

నావైపు చూడనైనా చూడకుండా ఓనరుతో కలిసి వంటగదిలోకి వెళ్ళిపోయారు. నేను కాలుగాలిన పిల్లిలా హాలంతా తిరిగాను. ఎటు తిరిగినా ఆ కిటికీ దగ్గరికే వచ్చి ఆగాను.

"దీన్నేం చేయమంటారమ్మా? షెడ్డులో పడేయనా?" అన్నాడు వడ్రంగి.

బల్ల అంచు తడిమి చూశాను. డ్రాయింగు కాగితం పరిస్తే సరిగ్గా సరిపోతుంది. గీసినప్పుడు ఆ కొలత ఎక్కడినుంచి వచ్చిందో నాకు తట్టనేలేదు.

"వద్దు. కుర్చీతో సహా మా ఆఫీసుకు పంపించండి. సార్ గదిలో, కిటికీ పక్కన వేయమనండి."

"సార్‌కి చెప్పారామ్మా?"

"చూస్తారుగా."

అంతలో ఫోను మోగింది. అత్తయ్య. "బొమ్మలన్నీ బల్లమీదే వదిలేసి పోయావేమ్మా? మేం ఎక్కడ తినాలి?"

"వస్తున్నా అత్తయ్యా, తీసేస్తాను" అన్నాను. "మళ్ళీ పరవను."