బెంచీ మీద ఆరేళ్లు

వడ్రంగి కొట్టుకు తాళం పడి నాలుగు నెలలైంది. కుర్చీలు ఇప్పుడు విడిభాగాలుగా అట్టపెట్టెల్లో వస్తున్నాయి. జనం ఇంట్లోనే బిగించుకుంటున్నారు. ఇక ఆయన మొహం చూసేదెవరు? భార్య పోయాక మాటలు తగ్గించాడు. ఇప్పుడు పని కూడా పోయాక మిగిలినవి నాలుగు గోడలు. అందుకే బడిలో పిల్లలకు చెక్కపని నేర్పే ఉద్యోగం ఉందనగానే పరుగున వెళ్లి దరఖాస్తు తెచ్చాడు. అది ఇంగ్లీషులో ఉంది. తెచ్చి కూతురి ముందు పడేశాడు.

కూతురు ఓ ఆఫీసులో ఉత్తరాలు రాస్తుంది. పేరూ ఊరూ చకచకా నింపేసి ఒక గడి దగ్గర ఆగింది.

"బడి చదువు వల్ల నువ్వు పొందిన జ్ఞానం, నైపుణ్యాలు రాయాలట. చెప్పు నాన్నా."

"తన్నులు పొందాను."

"ఎన్నాళ్లు?"

"ఆరేళ్లు. ఆరో తరగతితో సరి."

"తన్నులు కాక?"

"రోజూ బెంచీ ఎక్కించేవాళ్లు. ఎక్కాలు రాకపోతే బెంచీ. వస్తే, పక్కవాడికి చెప్పానని బెంచీ."

కూతురి కళ్లు మెరిశాయి. గబగబా రాసింది. "విను. 'సిక్స్ ఇయర్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్ ఇన్ ఎలివేటెడ్ పొజిషన్స్.' అంటే, ఎత్తయిన స్థానాల్లో ఆరేళ్ల అనుభవం."

"ఏడ్చినట్టుంది."

"అబద్ధమా?"

ఆయన ఆలోచించాడు. కాదు.

"పక్కవాడికి ఎక్కాలు చెప్పావుగా, అది 'నాలెడ్జ్ షేరింగ్'. ఇంకా?"

"గోడ దూకి పారిపోయేవాణ్ణి."

"'సెల్ఫ్ మోటివేటెడ్'!" అని కూతురు కడుపు పట్టుకుని బల్ల మీద వాలిపోయింది. "ఒకరు తోయక్కర్లేదు, తనే కదిలే మనిషి!"

"నీకు పిచ్చి ముదిరింది," అన్నాడు వడ్రంగి. మీసం మాత్రం మాట వినలేదు, కదిలింది.

వారం తిరక్కుండా పిలుపొచ్చింది. గదిలో పెద్ద టీచరమ్మ, పక్కన టీ తాగుతూ గుమాస్తా, గోడవారగా ఒక బెంచీ. ఆవిడ కాగితం రెండుసార్లు చదివింది.

"ఎత్తయిన స్థానాలంటే ఏం హోదాలండీ?"

అబద్ధం ఆయన ఒంటికి పడదు. "హోదా కాదమ్మా, బెంచీ. ఎక్కించి నిలబెట్టేవాళ్లు."

గుమాస్తాకు టీ పొలమారింది. ఉద్యోగం గుమ్మం దాటి పోతున్నట్టే అనిపించింది వడ్రంగికి.

"ఆరేళ్లు నిలబడి ఏం నేర్చుకున్నారు?"

"బెంచీని నేర్చుకున్నాను. ఏ కాలు వదులో అరికాలికి తెలిసేది. బెంచీ ఊగితే పడతాను, పడితే మళ్లీ తంతారు. అందుకని అందరూ అన్నాలకు వెళ్లాక ఆ కాలి సందులో చెక్క పేడు దోపేవాణ్ణి. నా మొదటి వడ్రంగం అదే."

"ఏదీ, ఈ బెంచీ ఎక్కి చెప్పండి."

చెప్పులు విడిచి ఎక్కాడు. కళ్లు మూసుకున్నాడు. "కిటికీ వైపు వెనక కాలు. పైకి శుభ్రంగా ఉంది. లోపల బిగువు లేదు."

"రోజూ కూర్చుంటాను. నాకెప్పుడూ తెలియలేదే!"

"కూర్చుంటే తెలియదమ్మా. శిక్ష పడాలి."

ఆయన దిగాడు. ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, చెప్పులు వదిలి, తనే ఎక్కేసింది. బెంచీ కిర్రుమంది. బయట వరసలో వెళ్తున్న పిల్లలు కిటికీలోంచి చూశారు.

"ఒరేయ్, పెద్ద టీచర్ని బెంచీ ఎక్కించార్రోయ్!"

బడి బడంతా ఎగిరి గంతేసింది. ఆవిడకు నవ్వాగలేదు. నవ్విన కొద్దీ బెంచీ ఊగింది, ఊగిన కొద్దీ ఇంకా నవ్వింది. వడ్రంగి మోకాళ్ల మీద కూలబడి ఆ కాలు రెండు చేతులా పట్టుకున్నాడు.

"కదలకండమ్మా, పట్టుకున్నాను."

"గుమాస్తాగారూ, ఆ కాగితం ఇలా అందుకోండి! పెన్ను కూడా!" కళ్లు తుడుచుకుంటూ ఆవిడ పైనుంచే సంతకం పెట్టింది. "సోమవారం వచ్చేయండి. మొదటి పాఠం ఈ బెంచీయే."

సిరా ఆరేదాకా ఆయన ఆ కాలు వదల్లేదు.