పెద్ద ముక్కకే గుర్తు

చేతికంటిన గిన్నెల సబ్బు పూర్తిగా వదలకముందే, పదిన్నరకి ఆమె కంప్యూటర్ ఆన్ చేసింది. పదకొండుకి ఇంటర్వ్యూ. ఉద్యోగం మానేసిన మూడేళ్లకి వచ్చిన మొదటి పిలుపు. కెమెరా, మైకు నిన్ననే చూసి పెట్టుకుంది. నల్లటి తెర మీద ఒక్కటే తెల్లటి వాక్యం: ఆపరేటింగ్ సిస్టమ్ లేదు.

ఆఫీసులో ఉన్న మొగుడికి ఫోన్ చేసింది.

"పొద్దున దీన్నేమైనా కెలికారా?"

"కెలకడమేంటి, బాగుచేశా! డిస్కుని భాగాలుగా విడగొట్టారు కదా, అందులో పిసరంత ముక్క ఒకటుంది చూడు, బూట్ అనే గుర్తు దానికి పెట్టి ఉంది. నా ఫైళ్లు, ఫొటోలు అన్నీ ఉన్న పెద్ద ముక్కకి ఏ గుర్తూ లేదు. తీసి దీనికి పెట్టా. ఉంటే పెద్దదానికి ఉండాలి కదా?"

"ఇప్పుడది లేవట్లేదు. పదకొండుకి నా ఇంటర్వ్యూ. కోడ్ రాయాలి, ఫోన్లో కుదరదు."

"ఇంకో రోజు పెట్టుకోమను, వాళ్లేం పారిపోతారా? నువ్వు చెయ్యి పెట్టకు, నా ఫైళ్లు పోతాయి. సాయంత్రం నేనొచ్చి చూస్తా."

ఫోన్ పెట్టేశాక ఆమెకి నవ్వొచ్చింది, ఏడుపుకి పక్కింటి నవ్వు. ఆ గుర్తు బిరుదనుకున్నాడు మహానుభావుడు. మెషిన్ నిద్ర లేవగానే మొదట ఎవరి తలుపు తట్టాలో చెప్పే గుర్తు అది. పెద్ద ముక్క తలుపు తడితే లోపల ఫొటోలూ పాటలూ తప్ప లేపే దిక్కు లేదు. లేపే నాలుగు లైన్లూ ఆ పిసరంత ముక్కలోనే ఉన్నాయి. ఈ ఇంట్లో దిగిన రోజు గుమ్మానికి పేర్ల పలక రాయిస్తూ అత్తగారు అన్న మాట గుర్తొచ్చింది: "మావాడి పేరు చాల్లే, రెండు పేర్లు ఇరుకవుతాయి." ఆ పలక కింది నుంచే ఆమె రోజూ ఐదింటికి లేచి, పాలు తెచ్చి, సాక్సులు వెతికిచ్చి, పాపని తయారుచేసి, అందర్నీ ఒక్కొక్కరిగా బయటికి పంపేది.

సూదులూ బటన్లూ దాచే డబ్బాలోంచి, కంప్యూటర్ని విడిగా లేపే సిస్టమ్ ఉన్న కాలేజీ నాటి పెన్ డ్రైవ్ తీసింది.

"వాడిప్పుడే నాకు ఫోన్ చేశాడు, చెయ్యి పెట్టొద్దన్నాడటగా అమ్మాయ్," అత్తగారు గుమ్మంలోకి వచ్చారు, "పాడైతే మళ్లీ మాట పడేది నువ్వే."

"బాగైనా పడేది నేనేగా అత్తయ్యా. పాపకి ఇవాళ బడి లేదు, కాస్త చూడండి."

పెన్ డ్రైవ్ నుంచి మెషిన్ని లేపి, డిస్కు ముక్కల పట్టిక తెరిచింది. ఒక్క గీత పొరపాటున చెరిపితే ఫైళ్లు నిజంగానే పోతాయి. ఏడాదిపాటు భోజనాల బల్ల దగ్గర అదే కథ నడుస్తుంది. రెండుసార్లు చదివి, పెద్ద ముక్కకి గుర్తు తీసేసి, చిన్నదానికి పెట్టింది. మళ్లీ ఆన్ చేసింది.

లేచింది. పది యాభై రెండు.

"లేచిందిరా!" అత్తగారు అప్పుడే కొడుకుతో ఫోన్లో. "ఆఁ, నువ్వు ఫోన్లో చెప్పావుగా, అట్లాగే చేసినట్టుంది."

ఆమె తలుపేసుకుని కూర్చుంది. పదకొండుకి ఇంటర్వ్యూ చేసేవాళ్లు అడిగిన మొదటి ప్రశ్నే ఆమె భయపడ్డది. "మూడేళ్ల గ్యాప్ ఉందండీ. ఖాళీగా ఉన్నారా?"

కుటుంబ బాధ్యతలని చెప్పు, హుందాగా ఉంటుందని మొగుడు నేర్పించిన జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"ఖాళీగా లేనండి," అంది, తలుపు అవతలికి కూడా వినపడేంత గట్టిగా. "ఒక ఇంటిని రోజూ నేనే లేపాను. గుర్తు మాత్రం వేరేవాళ్లకి ఉండేది. ఇకనుంచి నా పనికి నా పేరే ఉండాలని వచ్చాను."

తలుపు అవతల అత్తగారు టక్కున ఫోన్ పెట్టేశారు.