వెక్స్‌ఫర్డ్ వెళ్ళిపోయిన కర్ర

గురువారం మధ్యాహ్నం బంగాళాదుంపలూ ఉప్పుమాంసమూ తినేసి, పళ్ళేలు కడిగి బోర్లించి, నోరీన్ మెత్తటి కుంచె పట్టుకుని కిందకి దిగేది. కింద ఆవిడ నాన్న నడిపిన బట్టల కొట్టు. కొట్టు మూతపడి చాలాకాలమైంది గానీ గుడ్డలు కొలిచి చింపిన పొడవాటి బల్లలు అలాగే ఉన్నాయి. ఇప్పుడు వాటి మీద రైలు పట్టాలున్నాయి. ఆవిడ పట్టాల దుమ్ము దులిపేలోగా ఫింటన్ వచ్చేవాడు. గుమ్మంలో బూట్ల బురద గీకి, టోపీ తీసి, "వాన తగ్గిందండీ," అనేవాడు. తగ్గకపోయినా అదే అనేవాడు.

ఫింటన్ పాలకేంద్రంలో యంత్రాలు బాగుచేసి రిటైరైనవాడు. పెళ్ళి చేసుకోలేదు. నోరీనూ చేసుకోలేదు. ఈ రెండు సంగతుల్నీ పక్కపక్కన పెట్టి మాట్లాడుకోవడం క్లూనమోర్ ఊరు ఎప్పుడో మానేసింది.

ఆ బల్లల మీద ఉన్నది ఒకప్పుడు ఆ ఊరి మీదుగా నడిచిన రైలుదారి. అసలు దారిని ఏనాడో పీకేశారు, అక్కడిప్పుడు ముళ్ళకంపల్లో బ్లాక్‌బెర్రీలు కాస్తాయి. దాన్ని ఫింటన్ మళ్ళీ కట్టాడు, అరచేతిలో పట్టే సైజులో. ఇక్కడొక విషయం తెలుసుకోవాలి. ఐర్లండులో రెండు పట్టాల మధ్య ఎడం ఇంగ్లండులో కంటే ఎక్కువ. అంగళ్ళలో దొరికే బొమ్మ పట్టాలేమో ఇంగ్లండు కొలతవి. చాలామంది వాటి మీదే ఐర్లండు రంగులు వేసిన పెట్టెలు నడిపి సంతోషపడతారు, చూసేవాళ్ళకి తేడా తెలియదు. ఫింటన్‌కి తెలుస్తుంది. అందుకని పట్టాల కింద వేసే చెక్క దుంగల్ని అగ్గిపుల్లలంతేసి తనే కోసుకున్నాడు, పట్టాలు తనే అతికాడు, కొన్న చక్రాలను ఇరుసు మీద ఇంత బయటికి లాగి సరిచేశాడు. అతను కట్టిన మలుపులో ఇంజను తిరుగుతుంటే నీళ్ళలో బాతు తిరిగినట్టుండేది. పెట్టెలకి రంగులు నోరీన్ వేసింది. కిటికీల చుట్టూ వెంట్రుకంత సన్నటి గీత గీసేటప్పుడు ఆవిడ ఊపిరి బిగపట్టేది, చూస్తూ అతనూ బిగపట్టేవాడు.

నడపడం కూడా ఉత్త మీట నొక్కడం కాదు. కిటికీ దగ్గర ఫింటన్ డ్రైవరు. గల్లాపెట్టె దగ్గర నోరీన్ సిగ్నలు చూసేది. ఇద్దరి మధ్యా గంటలు. పశువుల బండికి ఒకరకం మోత, చేపల బండికి ఒకరకం. మాట్లాడుకోవలసిందంతా గంటల మోతల్లోనే అయిపోయేది. ఒంటి దారి కాబట్టి కర్ర ఒకటి ఉండేది, ఇత్తడి ఉంగరం తొడిగిన పెన్సిలంత కర్ర. అది డ్రైవరు చేతిలో ఉంటేనే బండి ఆ దారిలోకి వెళ్ళాలి, అది ఉన్నవాడే బండిని వెనక్కి తేవాలి. అలాంటిది ఒక్కటే ఉంటుంది గనక ఎదురుగా ఇంకో బండి వచ్చే ప్రమాదం లేదు.

బల్ల చివర ఆకాశం బొమ్మ వేసిన పలక నిలబెట్టారు. బండి వంతెన కిందనుంచి ఆ పలక వెనక్కి వెళ్ళేది. వేరేవాళ్ళ ఇళ్ళలోనైతే పలక వెనక ఒక అర ఉంటుంది, అక్కడ ఎవరో బండిని చేత్తో తిప్పి పెడతారు. ఇక్కడ ఆ పని ఎవరికీ పడలేదు. ఖాళీగా వెళ్ళిన బండి నిండుగా తిరిగొచ్చేది. దుంపల రోజుల్లో ఆవగింజలంతేసి చక్కెర దుంపలు మట్టితో సహా వచ్చేవి. సంత వారంలో చిక్కుడుగింజలంతేసి దూడలు పెట్టెల్లోంచి అరిచేవి. ఒకసారి చేపలొచ్చి కొట్టంతా కంపుకొట్టింది. నోరీన్ వాళ్ళ అన్న భార్య జోసీ మూడిళ్ళ అవతల ఉండేది, ఆ బల్ల తుడవడం తన వంతయినప్పుడల్లా రైలువాళ్ళకి శుభ్రత లేదని తిట్టుకునేది. రైతులు దారిన పోతూ తొంగిచూసి, బార్లీ ఎలా ఉందని అడిగి వెళ్ళేవారు.

ఇలా సాగుతుండగా ఫింటన్ ఉంటున్న అద్దె ఇంటిని యజమాని అమ్మేశాడు. వెక్స్‌ఫర్డ్‌లో స్ట్రాబెర్రీ తోటలున్న పినతండ్రి కొడుకు గది ఇస్తాను రమ్మన్నాడు. దేశానికి ఈ కొస క్లూనమోర్ అయితే ఆ కొస వెక్స్‌ఫర్డ్. వెళ్ళొద్దని క్లూనమోర్‌లో ఎవరూ అనలేదు. అనవలసిన మనిషి గల్లాపెట్టె దగ్గర గంట తుడుస్తూ కూర్చుంది.

ఆఖరి గురువారం అతను బండిని పలక వెనక్కి పంపాడు. అది తిరిగి రాకముందే వీధిలో బస్సు హారను మోగింది. గబగబా కోటు తొడుక్కుని, నోరీన్‌తో చెయ్యి కలిపి, ఒకసారి మలుపు వంక చూసి వెళ్ళిపోయాడు. కర్ర కోటు జేబులో ఉండిపోయింది.

బండి రాలేదు. నోరీన్ పలక వెనక చెయ్యి పెట్టి చూస్తే ఉత్త అర, సాలెగూడు. ఎక్కడో దారిలో నిలబడిపోయిందన్నమాట.

"ఇంకో కర్ర చెక్కుకోవే," అంది జోసీ. "పుల్లముక్కేగా."

"రెండు కర్రలుంటే రెండు బళ్ళు ఎదురుపడతాయి, వదినా."

"ఉన్నది ఒక్క బండేగదే తల్లీ."

"మనకి ఉన్నది ఒకటి. అవతల ఎన్నున్నాయో మనకేం కనబడుతుంది?"

అయితే రైల్వే నియమాల్లో ఇంకొకటి కూడా ఉంది. కర్ర పోతే దాని బదులు ఒక మనిషిని పెట్టవచ్చు. చేతికి ఎర్ర గుడ్డ కట్టుకున్న ఆ మనిషే కర్ర, ఆ మనిషి అనుమతితో బండి నడవవచ్చు. ఆ సంగతి నోరీన్‌కి కంఠతా వచ్చు. ఎర్ర గుడ్డలకి ఆ ఇంట్లో కరువూ లేదు. అయినా ఆవిడ జోసీకి చెప్పలేదు. వెక్స్‌ఫర్డ్‌కి ఫోను చేసింది.

"అయ్యో, పోస్టులో పంపించేస్తానండీ," అన్నాడు ఫింటన్.

"పోస్టులో రాకూడదు. చేతినుంచి చేతికి రావాలి."

"అంతేలెండి. పద్ధతి పద్ధతే," అన్నాడు.

పుల్లముక్క ఇవ్వడానికి దేశం అడ్డంగా దాటి వస్తాడా అని జోసీ ఎగతాళి చేసింది. చేసిందే గానీ, అతను వచ్చే మధ్యాహ్నానికి రొట్టె కాల్చి, వెన్నతో సహా పట్టుకుని ముందే వచ్చి కూర్చుంది.

ఫింటన్ బూట్లు గీకి లోపలికొచ్చాడు. వాన గురించి ఏమీ అనలేదు. కర్ర తీసి నోరీన్ చేతిలో పెట్టి, "మనిషిని పెట్టి నడపొచ్చని నాకూ తెలుసండీ," అన్నాడు మెల్లగా. నోరీన్ చెవులు ఎర్రబడ్డాయి. ఏదో ఒకటి చెయ్యాలి గనక కర్ర తిరిగి అతనికిచ్చి, గంట కొట్టి, సిగ్నలు దింపింది.

వంతెన కిందనుంచి బండి వచ్చింది, వానలో తడిసి, నెమ్మదిగా. ఇంజను వెనక దుంపలూ లేవు, దూడలూ లేవు. తాళ్ళతో కట్టిన ఇంటి సామాను ఉంది. ఇనప మంచం. గాజు తలుపుల బీరువా, కొక్కేలకి వేలాడుతున్న నీలం కప్పులు. సీటు చిరిగిన కుర్చీ.

"నావే," అన్నాడు ఫింటన్. "లారీలో వెక్స్‌ఫర్డ్ పంపినవి. పొద్దున్న నేను బయల్దేరేటప్పుడు కూడా గదిలోనే ఉన్నాయి."

"చిరుగుతో సహా వచ్చింది," అంది జోసీ కళ్ళజోడు సర్దుకుంటూ.

ఎలా వచ్చాయని ఎవరూ అడగలేదు. వచ్చిన సరుకు దింపుకోవాలా, తిప్పి పంపాలా, అదే ప్రశ్న. ఫింటన్ చెయ్యి మీట మీదికి వెళ్ళింది. సాయంత్రం బస్సుకి తను వెళ్ళిపోవాలని, ఇప్పుడు పంపేస్తే తను చేరేసరికి ఇవీ చేరతాయని, మీటతో చెబుతున్నట్టుగా గొణిగాడు.

నోరీన్ గంట మీద చెయ్యి వేసింది. పశువులకి మోత ఉంది, చేపలకి ఉంది, ఖాళీ పెట్టెలకీ ఉంది. ఆవిడకి కావలసినదానికి మాత్రం ఇన్నేళ్ళ మోతల్లో ఒక్కటీ లేదు. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"పంపకండి," అంది నోటితోనే. "ఇక్కడే దింపండి."

"ఇవి దింపినా నాకు పనికిరావండీ. ఆ మంచం మీద నా బొటనవేలు కూడా పట్టదు."

"మేడ మీద మంచం ఉంది. బీరువా ఉంది. కప్పులున్నాయి." ఆవిడ ఆగి, ఊపిరి బిగపట్టి, సన్నటి గీత చివరిదాకా గీస్తున్నట్టుగా అంది. "మీరే లేరు."

ఫింటన్ మీట వదిలేశాడు. కోటు విప్పి తలుపు వెనక తగిలించి, పట్టుకారు తీసుకుని, పగలకుండా ముందు కప్పులు ఒక్కొక్కటే ప్లాట్‌ఫారం మీదికి దించడం మొదలుపెట్టాడు. నోరీన్ అరచెయ్యి కింద పట్టింది.

జోసీ కాసేపు చూసింది. తర్వాత తలగుడ్డ కట్టుకుని, సాయంత్రం బస్సు ఇక్కడ ఆగనక్కర్లేదని డ్రైవరుకి చెప్పడానికి వీధిలోకి వెళ్ళింది.