ఇక్కడ మందు వాడము

మా అక్క కుక్కలకు స్నానం చేయిస్తుంది. అవి కదలకుండా పట్టుకునే పని నాది. కరిస్తే నన్ను కరుస్తాయి, మెచ్చుకుంటే అక్కను మెచ్చుకుంటారు. నాకు ముక్కుమీద కోపమని అందరూ అంటారు. ఇరవై ఏళ్లపాటు తడికుక్కల్ని పట్టుకుంటే ఎవరికి రాదో చెప్పండి.

అక్క పనితనాన్ని మాత్రం ఎవరేమన్నా ఊరుకోను. కుక్కను బల్ల మీద నిలబెట్టి, కళ్లు మూసుకుని, చెవి వెనక నుంచి తోక దాకా పది వేళ్లతో వెతుకుతుంది. రక్తం పీల్చే పిడుదు ఆవగింజంతదైనా ఆ వేళ్లకు దొరక్కుండా పోదు. సన్నదువ్వెనతో దువ్వి, రాలిన నల్లని నలుసుల్ని తడిపిన తెల్లగుడ్డ మీద వేస్తుంది. మట్టయితే మట్టిలాగే ఉంటుంది. ఎర్రగా దిగిందంటే గెంతే పురుగులు రక్తం తాగి వేసిన పెంటన్నమాట. ఆ తర్వాత వేపనూనె కలిపిన నీళ్లతో స్నానం, మళ్లీ దువ్వెన. తలుపు మీద బోర్డు: ‘ఇక్కడ మందు వాడము.’

ఒకప్పుడు పిడుదుల మందు కలిపిన నీళ్లలో రోజంతా నాని నాని అక్క అరచేతులు బొబ్బలెక్కాయి. అందుకే మానేసింది, అంతే. కుక్కల డాక్టరు మాత్రం ‘నూనె వైద్యం’ అని నలుగురిలో ఎగతాళి చేశాడు. ఆయన గడప తొక్కనని అక్క ఒట్టు పెట్టుకుంది. తొమ్మిదేళ్లు తొక్కలేదు కూడా.

తాళాలు బాగుచేసే ఒకాయన నెలకోసారి బొగ్గు అనే తన నల్లకుక్కను తీసుకొచ్చేవాడు. ఆయన ఒంటరి మనిషి. ఇంట్లో పలకరించడానికి ఆ కుక్క తప్ప ఎవరూ లేరు. ఆ రోజు దాన్ని చేతుల మీద మోసుకొచ్చాడు. మూడు రోజులుగా తిండి ముట్టడం లేదట, ఎండ వల్లేమో అనుకున్నాడట. అక్క దాని పెదవి ఎత్తి చూసింది. చిగుళ్లు సున్నం కొట్టినట్టున్నాయి. వేళ్లు పెట్టి వెతికితే కాలివేళ్ల సందులో ఒకటి, చెవి మడతలో రెండు, శనగగింజల్లా ఉబ్బిన పిడుదులు.

డాక్టరుకు ఎప్పుడైనా చూపించారా అని అక్క అడిగింది. నాలుగు నెలల క్రితం చూపించాడట, పిడుదులు పట్టకుండా మెడ మీద పోసే చుక్కల మందు ఇచ్చారట. అది విప్పకుండా సొరుగులోనే ఉందట.

“మందు వద్దని మీరే బోర్డు పెట్టారు కదమ్మా,” అన్నాడు.

నేను ఒంటికాలి మీద లేచాను. వాడము అంటే మేము వాడమని, మిమ్మల్ని వాడొద్దని కాదు, ఆ మాత్రం తెలియదా అని గట్టిగానే అడిగాను.

“నువ్వు ఊరుకోరా,” అంది అక్క. “ఆయన సరిగ్గానే అర్థం చేసుకున్నాడు. వచ్చినప్పుడల్లా నూనె గొప్పలు చెప్పింది నేనేగా.”

మరో మాట లేకుండా బొగ్గును చేతుల్లోకి తీసుకుని నడిచింది. ఎటు వెళ్తోందో తెలిసి నేనూ వెనకే పరిగెత్తాను. ఆసుపత్రి బెంచీల నిండా జనం, అందులో సగం మంది మా దగ్గరికి వచ్చేవాళ్లే. అందరూ వింటుండగానే డాక్టరుతో చెప్పింది.

“నా మాట పట్టుకుని ఈయన దీనికి మందు వేయలేదు. తప్పు నాది. దీన్ని ఎలాగైనా బతికించండి.”

ఆ క్షణం నాకు తల కొట్టేసినట్టయింది. కాసేపయ్యాక తెలిసింది, అంత ధైర్యం నాకు ఏడు జన్మలెత్తినా రాదని. డాక్టరు ఎగతాళి చేయలేదు. రక్తం తీసి పరీక్ష చేయించాడు. పిడుదుల జ్వరమేనని తేలింది. నాలుగు వారాల మాత్రలు రాశాడు, మూడు రోజులు గడిస్తే గానీ ఏ మాటా చెప్పలేనన్నాడు. పిడుదులన్నీ తీసేశానని ఆయన అంటే, అక్క దాని గడ్డం కింద వేలు పెట్టి ఇంకోటి తీసి చూపించింది. ఆయన నోరెళ్లబెట్టాడు.

మూడో రోజు బొగ్గు గిన్నె నాకేసింది. ఆ మాట చెప్పడానికి వచ్చిన తాళాలాయన మా గుమ్మంలోనే నిలబడి ఏడ్చాడు.

అప్పుడు అక్క ఫోన్ తీసి, మా దగ్గరికి వచ్చే వాళ్లందరికీ వరసగా చేయడం మొదలుపెట్టింది. నా నూనె, దువ్వెన చాలవు, డాక్టరును అడిగి కుక్క బరువుకు తగ్గ మందు వేయించండి. ఇంట్లో పిల్లి ఉంటే ఆయనకు ముందే చెప్పండి, కుక్కలకు వేసే మందుల్లో కొన్ని పిల్లి ప్రాణం తీస్తాయి. మందు వేశాక రెండు రోజులు స్నానానికి తీసుకురావద్దు. ఇలా అందరికీ విసుగు లేకుండా చెప్పింది. కొందరు చీవాట్లు పెట్టారు. నాకు ఫోన్ లాక్కుని నాలుగు తగిలించాలనిపించింది. అక్క మాత్రం అన్నీ విని, అవునండీ, నాదే తప్పండీ అంది.

ఒక్క నంబరు దగ్గర నేనే ఆపాను. అది ఒక టీచరమ్మది. ఆవిడ కుక్క పోయినేడాది ఇలాగే తిండి మానేసి, చిగుళ్లు పాలిపోయి చచ్చిపోయింది. ముసలిదైపోయిందిలే అని అప్పుడందరం సరిపెట్టుకున్నాం. ఆవిడకు ఇప్పుడు కుక్కే లేదు, ఎవరూ అడగలేదు కూడా, ఈ ఒక్కటి వదిలెయ్యమని బతిమాలాను.

“ఆవిడకే అందరికంటే ముందు చేయాల్సింది రా,” అంది అక్క. ఆ నంబరు నొక్కింది.