మూడో తరగతి కొలతలు

పాతికేళ్లుగా కత్తెర పట్టిన చేతికి కొలత తప్పిందన్న మాట పడేసరికి, టైలరు మాస్టరుకి తల కొట్టేసినట్టయింది.

పైపేటకీ కిందిపేటకీ చెరో బడి. ఆ ఏడాది రెండు బళ్ల యూనిఫారాలూ ఆయన్నే కుట్టమన్నారు. పైపేట పిల్లలకి బడికెళ్లి టేపు పెట్టి కొలతలు తీసుకున్నాడు. కిందిపేట ఆయన ఉండేదే. రోజూ కాళ్లకీ చేతులకీ అడ్డం పడే పిల్లలకి మళ్లీ కొలతలేమిటని, తరగతి చూసి పైపేట లెక్కనే గుడ్డ కత్తిరించేశాడు. ఖాజాలు తీయడం, బొత్తాలు కుట్టడం భార్య చూసుకుంది.

పైపేట వాళ్లకి బట్టలు అతికినట్టు సరిపోయాయి. కిందిపేట బడినుంచి మాత్రం మూటలు తిరిగొచ్చాయి. చొక్కాల భుజాలు మోచేతుల దాకా జారుతున్నాయట. పైపేటలో మిగిలినవి మా పిల్లలకి అంటగట్టారా అని హెడ్మాస్టరమ్మ ముఖం మీదే అడిగింది.

ఈసారి పొరపాటు రాకూడదని కొత్త టేపు కొన్నాడు. బడికెళ్లి ఐదో తరగతి పిల్లల్ని ఒక్కొక్కరినే గోడకి ఆనించి నిలబెట్టాడు. ఒకళ్లిద్దరు పొట్టిగా ఉంటే ఒంటితీరు అనుకునేవాడు. తరగతి మొత్తం అంతే. ముప్ఫై ఒక్కమంది కొలతలూ పైపేట మూడో తరగతితో సరిపోయాయి. వరసలో చివర నిలబడింది ఆయన కూతురు. ముద్దుగా బుడంకాయ అని పిలుచుకునే పిల్ల. దాని నెత్తి మీద స్కేలు పెట్టి అంకె చూసిన మాస్టరు, ఇంకోసారి కొలిచి గానీ రాసుకోలేదు.

ఇంటికొచ్చి భార్యతో చెప్పాడు.

"అత్తయ్యగారు పొట్టే కదండీ. ఆ పోలిక వచ్చుంటుంది" అందామె.

"ముప్ఫై ఒక్కమందికీ మా అమ్మే నాయనమ్మా?"



మర్నాడు ముగ్గురూ ఆసుపత్రికి వెళ్లారు. కొలతల కాగితం చూసిన డాక్టరు, పిల్లకి ఏడాదికి ఎన్నిసార్లు విరేచనాలు పట్టుకుంటాయని అడిగింది. ఎండల్లో రెండు మూడుసార్లనీ, వానాకాలం లెక్కపెట్టలేదనీ, తమ పేటలో పిల్లలందరికీ అది మామూలేననీ తల్లి చెప్పింది.

డాక్టరు రాస్తున్న కలం ఆపింది. "మామూలు కాదమ్మా. పైపేటలో ఏ తల్లీ ఇంతవరకూ నాతో ఆ మాట అనలేదు."

కిందిపేటకి మురుక్కాలవలోంచి వచ్చే కుళాయి గొట్టం, పగిలిన కీళ్లు, అందులోకి ఊరే మురుగు, అన్నీ విడమరిచి చెప్పింది. మొదటి రెండు మూడేళ్లలో మాటిమాటికీ విరేచనాలై తిన్న తిండి ఒంటబట్టకపోతే ఎముక పెరగడం తగ్గిపోతుందంది.

"ఇప్పుడు మందు వాడితే?" మాస్టరు అడిగాడు.

"కొంత వస్తుంది, చిన్నపిల్లలకైతే ఇంకాస్త ఎక్కువ. పోయిందంతా రాదు."

ఆ కుళాయి నీళ్లు బిందెలతో పట్టి తెచ్చింది తనే అనుకుంది తల్లి. కాచకుండా తాగించింది తనే.  వంటకే సరిపోని గ్యాసుతో నీళ్లెక్కడ కాస్తామన్న మాట ఆమె నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

కొలతల కాగితం మీద డాక్టరు చేత సంతకం పెట్టించుకుని మాస్టరు నీళ్ల ఆఫీసు మెట్లెక్కాడు. బట్టల తగాదా అనుకుని అక్కడి ఇంజనీరు మొదట నవ్వాడు. రెండు బళ్ల అంకెలూ పక్కపక్కన చదివాక నవ్వు ఆగిపోయింది. అయినా ఫైలు కదలలేదు. మాస్టరు చెప్పులరిగేలా తిరిగాడు. ఆనక ముప్ఫై ఒక్కమంది తల్లులూ వెంట నడిచారు. ఎనిమిది నెలలకి కాలవకి దూరంగా కొత్త గొట్టం పడింది.

ఈలోగా కిందిపేట యూనిఫారాలన్నీ విప్పి మళ్లీ కుట్టాడు. అదనపు గుడ్డ కోసి పారెయ్యబుద్ధి కాక, రెండేసి మడతలు లోపలికి పెట్టాడు.

రెండేళ్లు గడిచాయి. అప్పుడు ఒకటో తరగతిలో చేరిన చిన్నవాళ్లకి రెండు మడతలూ విప్పాల్సి వచ్చింది. బుడంకాయ తన గౌను పట్టుకొచ్చి గోడకి ఆనుకుని నిటారుగా నిలబడింది, మడమలు కొంచెం పైకెత్తి. మాస్టరు చూసీ చూడనట్టు ఊరుకుని ఒక మడత విప్పాడు. రెండోది లోపలే ఉండిపోయింది.