మధ్యలో మానేసినవాళ్లు

ఇంటర్ పాసై, మిర్యాలగూడ స్టేషన్ రోడ్డులోని కంప్యూటర్ సెంటర్‌కు నేను వెళ్లింది తొంభై ఎనిమిదిలో. సెంటర్ నడిపే దామోదర్ సార్ ఫీజు లేకుండా కొన్ని సీట్లు ఇస్తాడని విన్నాను. నేర్చుకుంటే రైస్ మిల్లు ఆఫీసుల్లో ఉద్యోగం దొరుకుతుంది. లేకపోతే మా అక్క భూలిలాగే మిల్లు కళ్లంలో వడ్లు ఎండబోసుకుంటూ బతకాలి.

సార్ నా వివరాలన్నీ కంప్యూటర్‌లో కొట్టాడు. ఊరు అడిగితే మా తండా పేరు చెప్పాను. తెర మీద ఏదో వచ్చింది. ఆయన ముఖం చిన్నబోయింది.

"నువ్వు మధ్యల మానేస్తవని వస్తున్నదమ్మా తారా. సీటు ఇయ్యలేను."

"ఎవరన్నరు సార్ గట్ల?"

"కంప్యూటర్. ఐదేండ్ల సంది గీడ చదివినోళ్ల సంగతులన్నీ దానికి నేర్పిన. ఎవరు చివరిదాంక ఉంటరో, ఎవరు మానేస్తరో అదే చెప్తది. నేను చెప్తే తండావాళ్లంటే చిన్నచూపు అంటరు. మెషీన్‌కు కులముంటదా?"

నాకు ఒళ్లు మండింది. నా మొహమన్నా చూడని పెట్టె, నేనేం చేస్తానో చెప్పడమేమిటి! విసురుగా లేచి వచ్చేద్దామనుకున్నాను. వచ్చేస్తే ఆ పెట్టె మాటే నిజమైపోతుంది. అందుకే కుర్చీ వదల్లేదు.

"నాకంటే ముందు తండాల నుంచి వచ్చినోళ్లు ఎవరు సార్?"

సార్ చెడ్డవాడేం కాదు. విసుక్కోకుండా పాత పేర్లు తెర మీదికి తెచ్చాడు. కొద్దిమందే, అందరూ ఆడపిల్లలే. అందరి పక్కనా 'మధ్యలో మానేసింది' అని ఉంది. వాళ్లలో మా అక్క కూడా ఉంది.

"అందరు శ్రావణంలనే పోయిన్రు, సూడు," అన్నాడు ఆయనే, కొంచెం ఆశ్చర్యంగా.

"శ్రావణంల మాకు తీజ్ సార్. పెండ్లి కాని పిల్లలం బుట్టలల్ల గోధుమలు మొలకేసి తొమ్మిది రోజులు నీళ్లు పోస్తం. పండుగ అయ్యేదాంక తండా దాటం. అయినంక మా అక్క వచ్చింది. ఆమె జాగల ఇంకెవరో కూసున్నరంట."

వారం రాకపోతే పేరు తీసేసి, సీటు ఇంకొకరికివ్వడం ఆ సెంటర్ పద్ధతి. ఆ పద్ధతి పెట్టింది ఆయనే.

"బతుకమ్మకు మీరు సెంటర్ బంద్ పెడతరు గద సార్? దసరా దాంక తాళమే. అప్పుడు టౌన్ పిల్లలను గూడ మానేసినట్టు రాసిన్రా?"

నా గొంతు పెరిగిందని నాకే తెలుస్తోంది. అయినా తగ్గించలేదు.

"లేదు," అన్నాడు సార్. "వీళ్లు మానెయ్యలే. మేమే తీసేసినం." ఒక్కొక్క పేరు పక్కన ఆ మాట మార్చాడు. ఇక మీదట ఊరి పేరు అడగకుండా చేస్తానన్నాడు.

"అడగకపోతే సాలదు సార్. వచ్చే తీజ్‌కు మళ్ల మమ్ములను తీసేస్తే, అది మళ్ల గదే నేర్చుకుంటది."

ఆయన తలూపాడు. వారం పద్ధతి ఆ రోజుతో ఖతం అన్నాడు. తీజ్ రోజులు సెలవు కిందే రాస్తానన్నాడు. నా పేరు మళ్లీ కొట్టి చూస్తాడేమోననుకున్నాను, కొట్టలేదు.

"దాన్ని ఇగ అడిగేది లేదు. రేపు పొద్దుగాల రా తారా," అన్నాడు.

సాయంత్రం మిల్లు దగ్గరికి పరుగెత్తాను. అక్క కళ్లంలో వడ్లు కుప్ప చేస్తోంది. జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పాను. సంబరపడుతుందనుకుంటే చేతిలో పని ఆపి అట్లాగే నిలబడిపోయింది.

"నాకు చదువు ఎక్కలేదని తీసేసిన్రు అనుకున్న," అంది. "ఇన్నేండ్లు గదే అనుకున్న తారా."

నాకు ఏడుపు ఆగలేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియలేదు. అక్క మాత్రం ఏడవలేదు. కొంగుతో మొహం మీది దుమ్ము తుడుచుకుని, చుట్టూ ఎవరూ వినడం లేదని చూసుకుని అడిగింది:

"పెండ్లయినోళ్లకు గూడ ఇస్తడా సీటు?"