చెవి ఒప్పుకోవాలి

వాచీలు బాగుచేసే ఆయనకు నగరమంటే ఒళ్లుమంట. ముల్లు తిరిగితే చాలదు, చెవి ఒప్పుకోవాలన్నది ఆయన పద్ధతి. బిగించిన ప్రతి వాచీనీ చెవికి ఆనించి, టిక్కుటిక్కు వినబడితేనే మనిషి చేతికిచ్చేవాడు. రెండేళ్లుగా ఏదీ సరిగ్గా వినబడటం లేదు.

"ఈ హారన్ల గోలలో ఏం వినబడి చస్తుంది? ఎక్కడికైనా పోదాం పద!" అని రోజూ భార్య మీద విరుచుకుపడేవాడు.

చివరికి ఒక ఆదివారం పొద్దున్నే ఇద్దరూ బస్సెక్కి, ఊరికి దూరంగా తోటల మధ్య అద్దెకిస్తామన్న ఇల్లు చూడటానికి వెళ్లారు. కిటికీలన్నీ తీసినా చిన్న చప్పుడు లేదు. ఆయనకు ప్రాణం లేచొచ్చింది. ముచ్చటపడి చేతి వాచీ తీసి చెవికి ఆనించాడు.

ఏమీ లేదు.

"ఇదీ ఆగి చచ్చింది," అంటూ భార్య చేతిలో పెట్టాడు.

ఆవిడ చెవి దగ్గర పెట్టుకుంది. "బాగానే కొట్టుకుంటోంది కదండీ!" అంది గట్టిగా.

ఆయన లాక్కుని చూశాడు. సెకన్ల ముల్లు చక్కగా తిరుగుతోంది. రెండో చెవికి ఆనించాడు. అక్కడా అంతే. కిటికీ వైపు తిరిగాడు.

"బయట పిట్టలేమైనా కూస్తున్నాయా?" అన్నాడు మెల్లగా.

ఆవిడ వింతగా చూసింది. "వచ్చిన దగ్గర్నుంచీ చెవులు చిల్లులు పడేలా కూస్తుంటేనూ!"